బుల్లోణ్ణి వదిలిరావడానికి నూజివీడు దాకా

నూజివీడు వెళ్ళివచ్చానని తెలియగానే అందరూ అడిగేది ఒక్కటే, రసాలు ఎన్ని తెచ్చారని. మే నెలలో అంత దూరం వెళ్ళిన మనిషి ఇంకెందుకు వెళ్ళి ఉంటుందని వాళ్ళ ఉద్దేశం. నేను పళ్ళ కోసం వెళ్ళలేదు. నా కుక్కను అక్కడ ఒక మామిడితోటలో వదిలిపెట్టి రావడానికి వెళ్ళాను. బయల్దేరేటప్పటికే అలిసిపోయి ఉన్నాను, తిరిగి వచ్చేసరికి ఇంకాస్త అలిసిపోయాను. అందుకని ఇందులో హుషారు వెతక్కండి. చూసిందీ తిన్నదీ, కలిసిన మనుషుల సంగతీ, మాకు జరిగిందీ వరసగా చెప్తాను. అటువైపు వెళ్ళనివాళ్ళకు ఆ తోటలు కొంచెం కనబడితే చాలు.

బెంగళూరు

మా బెంగళూరు కుక్కలకు స్వర్గమని అందరూ అంటారు. అబద్ధం కాదు. మా వీధి చివర కుక్కల పార్కు ఉంది. దాని పక్క కాఫీ హోటల్లో మనుషులకొక మెనూ, కుక్కలకొక మెనూ. వాటికి స్నానం చేయించే వ్యాను ఇంటి ముందుకే వస్తుంది. జుట్టు కత్తిరించి, గోళ్ళు తీసి, సెంటు కొట్టి మరీ అప్పజెప్తారు. పుట్టినరోజుకు కేకు దొరుకుతుంది, వానాకాలానికి రెయిన్‌కోటు దొరుకుతుంది. మమ్మల్ని ఎవరూ యజమానులనరు, మమ్మీ డాడీ అంటారు. అరవై దాటిన నన్ను పట్టుకుని ఇరవై ఏళ్ళ పిల్లలు ‘బుల్లోడి మమ్మీ’ అని పిలుస్తారు. మొదట్లో ఒళ్ళు మండేది, తరువాత అలవాటైపోయింది.

బుల్లోడు లాబ్రడార్. పేరుకే బుల్లోడు, ముప్పై కిలోల పైనే ఉంటాడు. వయసు పదకొండేళ్ళు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన ఒంటరి మనిషిని. ఇంట్లో నాతోపాటు ఊపిరి పీల్చే ప్రాణి వాడొక్కడే. వాడు బాగానే ఉన్నాడు, పాడైంది నా మోకాళ్ళు. రెండూ అరిగిపోయి చేతికర్ర వచ్చింది, మార్చాల్సిందేనని డాక్టరు జూన్‌లో తేదీ ఇచ్చాడు. “ఆపరేషన్ అయ్యాక చాలా నెలలు ఇంత కుక్కను పట్టుకుని నడవడం కుదరదు మేడమ్. ఒక్కసారి లాగిందంటే మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది” అన్నాడు. ఈలోగా వాణ్ణి ఎక్కడైనా పెట్టుకోమన్నాడు, గొడుగునో చెప్పులనో పెట్టుకోమన్నట్టు.

అప్పుడు తెలిసింది మా స్వర్గం సంగతి. కుక్కల హాస్టళ్ళకు ఫోన్ చేస్తే మొదట వయసు అడుగుతారు. పదకొండు అనగానే అటువైపు గొంతు మారిపోతుంది. ఒకచోట చూద్దామని రెండు రోజులు ఉంచితే, వాడు ముద్ద ముట్టకుండా గేటు వైపు తిరిగి కూర్చున్నాడట. పార్కు వాట్సాప్ గ్రూపులో సాయం అడిగాను. అందరూ ఎర్రటి గుండె బొమ్మలు పెట్టారు. ఇంటికి తీసుకెళ్తామని మాత్రం ఒక్కరూ అనలేదు.

ఆ రోజుల్లోనే పద్మ ఫోన్ చేసింది. పద్మ చదువుకునేటప్పుడు హాస్టల్లో నా రూమ్మేట్. నూజివీడు పక్కన ముసునూరు దగ్గర వాళ్ళకు పెద్ద మామిడితోట, కాస్త వరిపొలం. “దానికింత బెంగెందుకే? మా తోటలో ఎప్పుడూ మనుషులుంటారు. ఆల్రెడీ రెండు కుక్కలున్నాయి, మూడోది మాకు బరువా? తీసుకొచ్చి వదిలెయ్” అంది. ఫోన్ పెట్టేసి ఆ మాట బుల్లోడికి చెప్పాను. వాడు తోక ఊపాడు. వాడు దేనికైనా ఊపుతాడు.

ఒంగోలు

కుక్క కూడా వస్తుందంటే కారు డ్రైవర్లు ఒకరి తరువాత ఒకరు రామన్నారు. చివరికి హిందూపురం అతను నాగరాజు, వెనక సీటు నిండా దుప్పట్లు పరిచే షరతు మీద ఒప్పుకున్నాడు. చిత్తూరు దాటేసరికి షరతు అతనే మరిచిపోయాడు. టీ కోసం ఆపిన ప్రతిచోటా బుల్లోడికి బిస్కెట్లు కొనడం మొదలుపెట్టాడు. నా డబ్బులతోనే అనుకోండి.

ఒంగోలులో లాడ్జీ మేనేజరు బుల్లోణ్ణి చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ బుల్లోణ్ణి చూశాడు. “దీనికి ఆధార్ ఉందాండీ?” అని అడిగాడు. హాస్యమాడుతున్నాడనుకున్నాను, కాదు. గదిలో ఉండే ప్రతివాళ్ళకీ ఏదో ఒక కాగితం ఉండాలట. వాడి టీకాల పుస్తకం ఇస్తే జిరాక్సు తీయించుకుని, ఎక్స్‌ట్రా బెడ్ చార్జీ వేశాడు. చార్జీ వేశాడు కాబట్టి నిజంగానే ఒక పరుపు పంపించాడు, దిండుతో సహా. బుల్లోడు దిండు మీద తల పెట్టుకుని గురక పెట్టాడు. నాకు మోకాళ్ళ నొప్పితో కన్ను అంటుకోలేదు. ఒంగోలు గురించి ఇంతకంటే రాయడానికి నేను చూసిందేమీ లేదు. పొద్దున ఇడ్లీ మీద కారప్పొడి, నెయ్యి వేసిచ్చారు, అది మాత్రం బాగుంది.

నూజివీడు

హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే వదిలి ఎడమకు తిరిగాక కాసేపటికి తోటలు మొదలవుతాయి. ఇక ఎటు చూసినా మామిడే. కొమ్మలు బరువుకు దిగిపోయి, కొన్నిచోట్ల కాయలు నేలకు జానెడు ఎత్తులో వేలాడుతుంటాయి. ఊళ్ళోకి వచ్చేసరికి ట్రాక్టర్లలో కాయలు, ప్లాస్టిక్ ట్రేల్లో కాయలు, ఆటో వెనక సీట్లో ప్రయాణికుల పక్కన కూర్చుని వచ్చే కాయలు. గాలి నిండా వరిగడ్డి వాసన, దాంట్లో మాగుతున్న పళ్ళ వాసన. మెడలో ఐడీ కార్డులు వేసుకున్న యూనివర్సిటీ పిల్లలు కారు చుట్టూ మూగి బుల్లోడితో సెల్ఫీలు తీసుకున్నారు. “మా ప్రిన్సిపాల్ మొహంలానే ఉందే” అని ఒకమ్మాయి ఇంకో అమ్మాయి చెవిలో అంది. నాకు వినబడింది, వాడికీ వినబడే ఉంటుంది.

బజారు చివర ఒకావిడ గోనెపట్టా మీద చిన్న రసాలు రాశి పోసుకుని కూర్చుంది. డజను నూట యాభై అంది. బెంగళూరులో ఆ డబ్బుకు మూడు పళ్ళిచ్చి, కాగితపు సంచీకి వేరే తీసుకుంటారు. నేను ఏరుతుంటే ఆవిడ బుల్లోణ్ణి పరీక్షగా చూసింది.

“ఇది ఏం చేస్తదండీ?”

“ఏం చేస్తుందంటే?”

“అదేనండీ, పనేంటని. కోతుల్ని తోలుద్దా, పందుల్ని తోలుద్దా?”

“తింటాడు, పడుకుంటాడు. అడిగితే షేక్‌హ్యాండ్ ఇస్తాడు.”

“అయితే మా తమ్ముడిలాగేనన్నమాట” అని ఆవిడ ఇంకో రెండు పళ్ళు కొసరు వేసింది.

పదకొండేళ్ళలో బెంగళూరులో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. జాతేంటి, వయసెంత, ఏ కంపెనీ మేత పెడుతున్నారు, ఇవన్నీ అడుగుతారు. ఏం పని చేస్తాడని అడగరు. నూజివీడు దగ్గర్నుంచి తోట దాకా కలిసినవాళ్ళందరూ మొదట అదే అడిగారు. చెప్పి చెప్పి విసుగొచ్చి, చివర్లో రిటైరయ్యాడని చెప్పడం మొదలుపెట్టాను. ఆ జవాబుకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

ముసునూరు

“ఏమే, ఇంత చిక్కిపోయావేంటే!” అని పద్మ గేటు దగ్గరే నన్ను పట్టుకుంది. అబద్ధం, నేను చిక్కలేదు. ఆవిడకు ఎవరు వచ్చినా చిక్కినట్టే కనబడతారు. వాళ్ళాయన సుబ్బారావుగారు మాట తక్కువ మనిషి, “బాగున్నారా అక్కయ్యగారూ” అని ఒక్కమాట అని, బుల్లోడి చుట్టూ ఒకసారి తిరిగి, కొత్త ట్రాక్టరును చూసినట్టు చూశారు.

భోజనం సంగతి చెప్పాలి. ముద్దపప్పు, ఆ వారమే కలిపిన కొత్తావకాయ, మామిడికాయ వేసిన రొయ్యల కూర. చివర్లో పెరుగన్నంలోకి పెద్ద రసం. మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి, అన్నంలో పిండుకోవడమే. చెంచా అడిగితే పద్మ నవ్వింది. చాలా నెలల తరువాత ఆ రోజు మోకాళ్ళు మరిచిపోయి తిన్నాను.

బుల్లోడి భోజనం దగ్గరే తేడా వచ్చింది. సంచీలోంచి వాడి మేత తీస్తే పద్మ ఒక గింజ వాసన చూసి, “ఇదేంటే, కోళ్ళ దాణాలా ఉంది” అంది. వాళ్ళ కుక్కలకు రోజుకొకసారి చద్దన్నంలో మజ్జిగ కలిపి రాతి తొట్టిలో పోస్తారు. వాటికి పేర్లు లేవు. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది, అంతే. అవి ఇంటి గడప ఎక్కవు. పద్మ మొహమాటంగానే చెప్పింది. “ఏమీ అనుకోకే, లోపల దేవుడి గది ఉంది. వసారాలో ఉంటుందిలే.”

అనుకోవడానికేముంది, వాళ్ళ ఇల్లు. వసారాలో చాప వేసి, సుబ్బారావుగారు టేబుల్ ఫ్యాను కూడా తెచ్చి పెట్టారు. “కుక్కకు ఫ్యాను పెట్టడం ఇదే మొదలండీ మా ఇంట్లో” అన్నారు కానీ, గాలి వాడి మీదికి వచ్చేలా ఆయనే తిప్పారు. ఇన్నేళ్ళూ నా మంచం పక్కనే పడుకున్నవాడు గడప మీద ముక్కు ఆనించి, ఒక్క గోరు కూడా లోపలికి పెట్టకుండా పడుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే వాడికి హద్దు అర్థమైంది. అది చూస్తే నాకు మెచ్చుకోబుద్ధి కాలేదు, ఏడుపొచ్చింది.

తోట

మర్నాడు పొద్దున్నే తోటకు తీసుకెళ్ళారు. ఆ తోటల పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కాపు నిలబడ్డాక రైతు తోటను వ్యాపారికి గుత్తకిస్తాడు. వ్యాపారి కాపలాకు ఒక కుటుంబాన్ని పెడతాడు. వాళ్ళు తాటాకుల పాక వేసుకుని కోతలు ముగిసేదాకా చెట్ల కిందే ఉంటారు. ఈ తోటలో కాపలా ఉన్నది చాట్రాయి నుంచి వచ్చిన నాగమ్మ, ఆమె భర్త. అతను పొడుగాటి గెడకు చిక్కం కట్టుకుని కాయలు కోస్తున్నాడు. నాగమ్మ నలభై దాటిన మనిషి, పెద్ద గొంతు, ఇంకా పెద్ద నవ్వు.

“అబ్బో, ఏం ఉన్నాడండీ! దూడలాగున్నాడు” అంది. ఆ ప్రాంతంలో బుల్లోణ్ణి ‘అది’ అనకుండా ‘వాడు’ అన్న మొదటి మనిషి నాగమ్మే. నాకు ఆమె వెంటనే నచ్చేసింది.

ఒక కోతి కొమ్మ మీద కూర్చుని పండు తింటోంది. నల్లదీ ఎర్రదీ చెట్టు కింద చేరి గొంతులు చించుకుంటున్నాయి. బుల్లోడు కోతిని చూసి తోక ఊపాడు. కోతి పళ్ళికిలించేసరికి వచ్చి నా చీర వెనక దాక్కున్నాడు. సుబ్బారావుగారు మొహం పక్కకు తిప్పుకున్నారు, నవ్వు ఆపుకోవడానికే అయి ఉంటుంది.

నాకు కుర్చీ వేసి, చెట్టునే పండిన చిన్న రసాలు తెచ్చింది నాగమ్మ. మేం తింటుంటే నల్లదీ ఎర్రదీ వచ్చి ఎదురుగా కూర్చున్నాయి. అక్కడ రసం తిన్నాక టెంకను పారెయ్యరు, కుక్కకు విసురుతారు. అవి టెంకను ముందుకాళ్ళ మధ్య నిలబెట్టి పట్టుకుని, పీచు తెల్లబడేదాకా గీకి గీకి తిని, వదిలేస్తాయి. ఒక్కోసారి తరువాతకని మట్టిలో దాచుకుంటాయి కూడా. చూడముచ్చటగా ఉంది. “కొత్తల్లుడికి ముందు పెట్టాలి కదండీ” అంటూ నాగమ్మ బాగా గుజ్జున్న టెంక ఒకటి బుల్లోడికి వేసింది.

అప్పుడు నేను పద్మతో మాట్లాడుతున్నాను. వెనక్కి తిరిగేసరికి బుల్లోడు మూతి నాక్కుంటున్నాడు. టెంక లేదు.

“అప్పుడే దాచేశాడండీ! ఎక్కడ పెట్టావురా దొంగా?” అని నాగమ్మ చెట్టు మొదట్లో ఆకులు కాలితో కదిపి చూసింది. మేమందరం నవ్వాం. నేను కూడా.

వడగాలి

ఆ సాయంత్రం వాడు మేత ముట్టలేదు. అలిగాడనుకున్నాను. మర్నాడు పొద్దున వాంతి చేసుకున్నాడు, కాసేపటికి మళ్ళీ. నడుం విల్లులా వంచి నిలబడతాడు, పడుకోబోతాడు, పడుకోలేక లేస్తాడు. వడగాలి కొట్టిందని పద్మ ఉల్లిపాయ రసం నుదుటికి రాసింది, మజ్జిగ పట్టించింది. మజ్జిగ కూడా బయటికొచ్చింది. చోటు మారింది కదా, సర్దుకుంటుందని సుబ్బారావుగారు అన్నారు. నేనూ నమ్మాను. నిజానికి నమ్మాలనుకున్నాను. ఆ ఎండలో, ఆ మోకాళ్ళతో, ఇంకొక ఆసుపత్రికి తిరిగే ఓపిక నాకు లేదు.

ఆ మర్నాడు నాగమ్మ తోటలోంచి తనంతట తానే వచ్చింది. వసారాలో పడి ఉన్న బుల్లోణ్ణి చూసి అక్కడే ఆగిపోయింది. ఆమె నవ్వకుండా ఉండడం అదే మొదటిసారి చూశాను.

“అమ్మగారూ, ఆ టెంక ఇంకా దొరకలేదండి. చెట్ల కిందంతా వెతికాను. మట్టి ఎక్కడా తవ్వినట్టు లేదండి.”

పద్మ నా వైపు చూసింది. నన్ను తిరిగి తీసుకెళ్ళడానికి అక్కడే ఆగి ఉన్న నాగరాజును కారు తియ్యమని కేకేశాను.

ముసునూరులో పశువుల డాక్టరు వాడి పొట్ట నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. “గేదెలకైతే నేను చూస్తానండీ. దీనికి ఎక్స్‌రే తియ్యాలి, కడుపు కొయ్యాల్సి రావచ్చు. ఆలస్యం చెయ్యకుండా గన్నవరం తీసుకెళ్ళండి” అన్నాడు. నాగరాజు అప్పటికే కారు స్టార్ట్ చేశాడు. పద్మ ముందు కూర్చుంది. వెనక బుల్లోడి తల నా ఒళ్ళో, నడుం నాగమ్మ ఒళ్ళో. నేనొస్తానండీ అని ఆమె ఎవరినీ అడక్కుండా ఎక్కేసింది.

దారిలో నాకు కోపం ఆగలేదు. “నీకు బుద్ధుందా నాగమ్మా? కుక్కకు ఎవరైనా టెంక వేస్తారా?” అని అరిచాను.

ఆమె బుల్లోడి వీపు మీద చెయ్యి తీయలేదు. “మా వైపు అన్నిటికీ వేస్తామండీ. మింగేస్తాడని ఎవరనుకుంటారండీ?”

బెంగళూరులో తొక్క తీసి, టెంక తీసి, ముక్కలు కోసి స్టీలు గిన్నెలో పెట్టింది నేనే. మామిడిపండంటే మొత్తం మింగేదే అని వాడికి నేర్పింది నేను. ఆమెకు కుక్కలు తెలుసు, నాకు బుల్లోడు తెలుసు. ఇద్దరం కలిసి వాణ్ణి ఇక్కడిదాకా తెచ్చాం.

గన్నవరం

పెద్ద పశువుల ఆసుపత్రి. వరండాలో మేకలు, ఒక ఆవుదూడ, కోడిపుంజును చంకలో పెట్టుకున్న ఒక పెద్దాయన. మా బెంగళూరు క్లినిక్కులో ఏసీ, సోఫాలు, అద్దంలో చేపలు ఉంటాయి. ఇక్కడ సిమెంటు బల్ల, నీళ్ళ కుండ. పుంజు పెద్దాయన బుల్లోణ్ణి చూసి బల్ల మొత్తం ఖాళీ చేసి, తను మెట్ల మీద కూర్చున్నాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల, గబగబా మాట్లాడుతుంది. ఎక్స్‌రేకు లోపలికి తీసుకెళ్ళి, మమ్మల్ని బయట ఉండమంది.

“బతికితే చాలండీ. మా పాకలో నా పక్కనే పడుకోబెట్టుకుంటా. మేం ఉన్నన్నాళ్ళూ కంట్లో పెట్టుకు చూస్తా” అంది నాగమ్మ.

“మీరు ఎన్నాళ్ళుంటారు?” అని మాటవరసకు అడిగాను.

“కోతలయ్యేదాకానండీ. ఆఖరి లోడు వెళ్ళాక మేమూ చాట్రాయి వెళ్ళిపోతాం.”

“మరి ఆ నల్లదీ ఎర్రదీ? మీతో తీసుకెళ్తారా?”

“అవి తోటవి కదండీ” అంది నాగమ్మ, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

నేను పద్మ వైపు తిరిగాను. పద్మ ఏమీ దాచలేదు. దాచాల్సింది ఉందని ఆమెకు తోచనే లేదు. “సీజను అయిపోతే తోటలో ఎవరుంటారే? మా పాలేరు రోజుకొకసారి వెళ్ళి తొట్టిలో అన్నం పోసి వస్తాడు. వానలప్పుడు అవి రోడ్డెక్కి అటూ ఇటూ తిరుగుతాయి. మళ్ళీ పూతకు మనుషులు రాగానే వచ్చేస్తాయి. మా కుక్కలన్నీ అలాగే బతికాయి.”

ఎప్పుడూ మనుషులుంటారని ఫోన్‌లో చెప్పింది ఆమె. అది అబద్ధం కాదు. ఆమె చెప్పేటప్పుడు సీజను, తోట నిండా మనుషులు. మిగతా నెలల గురించి నేను అడగలేదు. మనుషులు లేని తోట మధ్యలో, వాన చప్పుడుకు మంచం కింద దూరే బుల్లోడు, రోజుకొకసారి తొట్టి దగ్గరికి వెళ్ళడం ఊహించుకున్నాను.

డాక్టరమ్మ బయటికొచ్చింది. టెంక పేగులో అడ్డంపడింది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి అంది. “వయసెక్కువ. మత్తు తట్టుకుంటాడని నేను గ్యారంటీ ఇవ్వలేను. లేవకపోవచ్చు కూడా. ఇక్కడ సంతకం పెట్టాలి. కుక్క ఎవరిదండీ?”

“మాదేనండీ, మా తోటది” అని పద్మ పెన్ను అందుకుంది. మంచి మనసుతోనే. ఒప్పుకున్నాక కష్టమైనా సుఖమైనా తమదే అనుకునే మనిషి పద్మ.

“కాదు, నాది” అన్నాను.

గట్టిగా అన్నట్టున్నాను, పెద్దాయన చంకలో పుంజు కూడా తల తిప్పింది. పద్మ పెన్ను నా చేతిలో పెట్టింది.

వాణ్ణి లోపలికి తీసుకెళ్ళాక బల్ల మీద కూర్చున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే ఈ ప్రయాణం రాసినట్టు కాదు. అంతసేపూ నాలో ఒక మూల ఒక ఆలోచన తిరుగుతూనే ఉంది. వీడు లేవకపోతే అన్నీ తీరిపోతాయి కదా అని. వదిలిపెట్టక్కర్లేదు, తీసుకెళ్ళక్కర్లేదు, మోకాళ్ళు మార్పించుకోవచ్చు. ఆ ఆలోచనకు నేను ఉలిక్కిపడలేదు కూడా. అంత అలిసిపోయి ఉన్నాను. పక్కన నాగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుంటోంది. నేను మొక్కుకోలేదు, నాకు ఏం కోరుకోవాలో తెలియలేదు.

చాలాసేపటికి డాక్టరమ్మ ట్రేలో టెంక పెట్టుకుని వచ్చింది. “లేచాడండీ. వెళ్ళి చూడండి, ఎక్కువ మాట్లాడించకండి” అంది. నాగమ్మ టెంకను చూసి భోరుమంది. నేను లోపలికి వెళ్ళాను. పొట్ట మీద బొచ్చు గీసేసి, కుట్లు వేసి, నాలుక ఒక పక్కకు వేలాడేసుకుని పడున్నాడు. కర్ర చప్పుడుకో, నేను కాలీడ్చే చప్పుడుకో, వాడి తోక చివర బల్ల మీద కొంచెం కదిలింది. అంతకుముందు నేను అనుకున్నది వాడికి తెలియదు. తెలిసినా ఊపేవాడేమో. అక్కడ గోడ పట్టుకుని ఏడ్చాను.

మళ్ళీ ముసునూరు

కుట్లు మానేదాకా పద్మ ఇంట్లోనే ఉన్నాం. మేం వచ్చేసరికి హాల్లో ఫ్యాను కింద పాత పరుపు వేసి ఉంది. “దేవుడి గదికి తలుపేశాలే. లోపలే పడుకోబెట్టు” అంది పద్మ, ఆ విషయం మాట్లాడడం ఇష్టంలేనట్టు వంటింట్లోకి వెళ్ళిపోతూ. వాడికి మెత్తటి జావ ఆమే కాచింది. నాగమ్మ రోజూ పొద్దున వచ్చి, గడప బయటే నిలబడి వాణ్ణి చూసి వెళ్ళేది. తోటలో టెంకలన్నీ గొయ్యి తీసి పూడుస్తున్నామని ఒకరోజు చెప్పింది. నల్లదీ ఎర్రదీ దానికి బాగా నొచ్చుకున్నాయట.

“సీజను అయ్యాక వీణ్ణి మా ఇంటికి తీసుకుపోతానండి” అని కూడా అంది. వెంట వచ్చిన భర్త మెల్లిగా, “మనిద్దరం పనికి పోతే వీణ్ణి ఎవరు చూస్తారే?” అన్నాడు. చివరి రోజు పద్మ కూడా ఉంచమంది, తనే చూసుకుంటానంది. చూసుకుంటుంది, నాకు అనుమానం లేదు. కానీ తెల్లవారకముందు లేచి ఇల్లు, పొలం, కూలీల వంట చూసుకునే మనిషి ఆమె. కడుపునిండా పెడుతుంది. బుల్లోడికి కావాల్సింది కడుపుకు కాదు. ఎవరో ఒకరు గదిలో ఉండాలి, అంతే. ఈ వయసులో వాడికి తోటకుక్కగా బతకడం నేర్పేంత కాఠిన్యం నాలో లేదు.

“మరి నీ మోకాళ్ళో?” అంది పద్మ. నేను గడ్డి పరిచి సర్దిన రసాల ట్రే కారెక్కించాను.

తిరుగుదారి

విజయవాడ దాటాక ఫోన్ వచ్చింది. బెంగళూరు ఆసుపత్రి నుంచి, తెలుగు వచ్చిన అమ్మాయి.

“మేడమ్, మీ జూన్ అడ్మిషన్ కన్ఫర్మ్ చేద్దామా?”

“వద్దమ్మా. ఇప్పుడు కుదరదు.”

“ఏదైనా హెల్త్ ప్రాబ్లమా మేడమ్?”

“నాకు కాదు. ఇంట్లో పెద్దవాడొకడు ఉన్నాడు. చూసుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు.”

“అయ్యో. అయితే జులైలో పెట్టనా? పోనీ ఆగస్టు?”

వెనక్కి తిరిగి చూశాను. దుప్పట్ల మీద వెల్లకిలా పడుకుని, గీసిన పొట్ట ఎగసిపడుతుంటే, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నా మోకాలు ఆ కాస్త తిరగడానికే కలుక్కుమంది.

“తేదీ చెప్పలేనమ్మా. వాడి తరువాత వస్తాను” అన్నాను.

అటువైపు కీబోర్డు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. తరువాత, “సరే మేడమ్, తేదీ వెయ్యకుండా ఉంచుతాను” అంది.